దోన్ ఒటోనియెల్ ఉపవాసం

గురువారం పొద్దున తన హార్డ్‌వేర్ దుకాణం షట్టరు ఎత్తుతూనే ఒటోనియెల్ బుయిత్రాగో ఆ మధ్యాహ్నం చేప తినాలని నిశ్చయించుకున్నాడు. పెద్ద కోరికేమీ కాదు. బాగా వేగిన మోహార్రా చేప, కొబ్బరన్నం, పక్కన వేయించిన అరటికాయ బిళ్ళలు. వీధి చివర మలుపు తిరిగితే నెరేయిదా కొత్తగా తెరిచిన హోటల్లో దొరుకుతాయి. వెళ్ళాలి, తినాలి, రావాలి. మరొకడైతే దీన్ని ఆలోచన అని కూడా అనడు.

అయితే దుకాణానికీ ఆ మలుపుకీ మధ్య, వీధి అంతా గౌరవంగా దోన్యా అని పిలిచే సతూరియా హోటలు ఉంది.

భార్య పోయిన దగ్గర్నుంచి తొమ్మిదేళ్ళుగా ఒటోనియెల్ మధ్యాహ్నభోజనం అక్కడే. కిటికీ పక్క బల్ల అతనిది. సతూరియా ఎవర్నీ ఏం కావాలని అడగదు. ఏం పెట్టాలో ఆవిడకు తెలుసు. మంగళవారం పంది కొవ్వు వేపుడుతో చిక్కుడుగింజలు. గురువారం అహియాకో: కోడిమాంసం, మూడు రకాల బంగాళాదుంపలు కరిగి చిక్కబడిన పులుసు, అందులో మొక్కజొన్న పొత్తు, పైన గరిటెడు మీగడ. బొగోటా చలిలో ఆ గిన్నె ముందు కూర్చున్నవాడికి లోకంతో పేచీ ఉండదు. ఆవిడతో పేచీ పెట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. ఒకసారి క్షురకుడు ఫిదెలీనో బుద్ధి గడ్డి తిని వేరే చోట బర్గరు తిన్నాడు. సతూరియా పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ తర్వాత నెల పొడుగునా అతని పులుసులో కోడి మెడ తప్ప మరో ముక్క కనిపించలేదు. నెల చివర అతను బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాక గాని తొడ ముక్కకు నోచుకోలేదు.

చేప మీద మనసు పోవడంలో తప్పంతా ఒటోనియెల్‌ది కూడా కాదు. రెండు రోజుల కిందట నెరేయిదా తలుపు బందుల కోసం అతని దుకాణానికి వచ్చింది. సముద్రతీరం మనిషి. ఎవర్నైనా 'బంగారం' అనే పిలుస్తుంది. బొగోటాలో అలా పిలిస్తే మనుషులు ఇంకెవర్నో పిలిచిందనుకుని వెనక్కి తిరిగి చూస్తారు. ఆవిడ వెళ్ళిపోయాక కూడా దుకాణంలో కొబ్బరినూనె వాసన నిలిచిపోయింది. పడుచు వయసులో పటాలంలో ఉండగా అతను ఏడాదిపాటు తీరంలో పనిచేశాడు. ఇసుకలో కూర్చుని తిన్న కొబ్బరన్నం ముప్ఫై అయిదేళ్ళ తర్వాత ఆ మేకుల డబ్బాల మధ్య నాలుక మీదికి వచ్చింది. తన హోటలుకి రమ్మని ఆవిడ పిలిస్తే, ఒక రోజు తప్పకుండా వస్తానని అప్పటికే మాట ఇచ్చేశాడు.

ఆ పొద్దున కాఫీ తాగడానికి సతూరియా దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. మునిసిపాలిటీలో పని ఉందని చెబుదామని దారంతా వల్లె వేసుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేనని అనగానే ఆవిడ చేతిలో కత్తి ఆగింది. ఆ ఆగిన కత్తిని చూడగానే అతని నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"రక్తపరీక్ష ఉంది. మూడింటికి. అప్పటిదాకా ఏమీ తినకూడదన్నారు."

"దేనికి పరీక్ష?"

"ఊరికేనండీ. కడుపులో కాస్త..."

సతూరియా కత్తి కింద పెట్టింది. ఆవిడ భర్త ఎవరీస్తో కూడా ఒకనాడు సరిగ్గా అలాగే "ఊరికే, కడుపులో కాస్త" అన్నాడనీ, ఆరు నెలలు తిరక్కుండా పోయాడనీ వీధిలో అందరికీ తెలుసు. ఒటోనియెల్‌కి కూడా తెలుసు. కాకపోతే మాట బయటపడ్డాక గుర్తొచ్చింది. ఆవిడ లేచి వచ్చి అతని ముఖంలోకి చూసి, కళ్ళ కింద చర్మం లాగి చూసి, చేతిలో కాఫీ గ్లాసు తీసేసుకుంది. పరగడుపున ఉండమన్నప్పుడు కాఫీ ఏమిటని మెల్లగా మందలించింది. ఆవిడ గొంతులో మెత్తదనం అతను మొదటిసారి వినడం. కోపమైతే తట్టుకునేవాడు. మెత్తదనానికి మాత్రం తలొంచుకుని బయటికి నడిచాడు.

మధ్యాహ్నం వాన పట్టింది. అదీ మంచికేననుకుని, టోపీ కనుబొమ్మల దాకా లాక్కుని, మఫ్లరు ముక్కు దాకా చుట్టుకుని, చర్చి వెనక సందులోంచి చుట్టు తిరిగి నెరేయిదా హోటలు చేరాడు. అన్నిటికన్నా లోపలి బల్ల ఎంచుకుని, గోడ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. చేప వచ్చింది. తోక దాకా కరకరలాడుతోంది. కొబ్బరన్నం గోధుమరంగులో, తియ్యగా, మెతుకు మెతుకు విడివిడిగా ఉంది. రెండు ముద్దలు తిన్నాక భుజాలు కిందికి దిగాయి. మూడో ముద్దకి కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో యొలీమా గొంతు వినిపించింది.

యొలీమా సతూరియా హోటల్లో వడ్డించే మనిషి. ఆమె చెవిన పడ్డ మాట పులుసు చల్లారేలోగా వీధి అంతా తిరిగి వస్తుంది. ఒటోనియెల్ చెంచా జారవిడిచి, దాన్ని తీసుకునే మిషతో బల్ల కిందికి దూరి, అక్కడే ఉండిపోయాడు. మేజాగుడ్డ అంచు కింద నుంచి యొలీమా తడిసిన బూట్లు కనిపిస్తున్నాయి. అవి అటే వస్తున్నాయి.

కొబ్బరినీళ్ళు కావాలని అడుగుతోంది ఆమె. దోన్యా సతూరియా పంపించిందట. నెరేయిదా నమ్మలేదు. ఈ హోటలు తెరిచిన నాటి నుంచి సతూరియా ఇటు కన్నెత్తి చూసింది లేదు. అప్పుడు యొలీమా గొంతు తగ్గించి చెప్పింది. గొంతు తగ్గించినా ఆమె మాట వంటింటి దాకా వినిపిస్తుంది.

"మా హార్డ్‌వేర్ షాపు దోన్ ఒటోనియెల్ లేరూ, ఆయనకి. పాపం కడుపులో పుండట. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. రక్తం తీశాక నీరసం రాకుండా కొబ్బరినీళ్ళు ఇవ్వాలంటోంది మా దోన్యా. పైగా మూడు నెలలు దాటడం కష్టమంట."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. మా దోన్యా ముఖం చూస్తే తెలుస్తోంది."

తన చావుకబురు తానే బల్ల కింద కూర్చుని విన్నాడు ఒటోనియెల్. చేతిలో ఇంకా అరటికాయ బిళ్ళ ఉంది. మేజాగుడ్డ అంచు పైకి లేచింది. నెరేయిదా వంగి చూసింది. తేలు కుట్టిన దొంగలా అతను పైకి చూశాడు. అతను వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఆవిడ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. గుడ్డ అంచు మెల్లగా దించి, యొలీమాకి సీసా నిండా కొబ్బరినీళ్ళు పోసి పంపేసింది.

"ఇక లేవండి" అంది. ఇంతవరకూ నువ్వు అని పిలిచిన మనిషి ఇప్పుడు మీరు అంటోంది. "ఎవరికీ తెలియకుండా చివరిసారిగా మనసుకి నచ్చింది తినిపోదామని నా దగ్గరికి వచ్చారు. అంతేనా?"

కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ కాదంటే సంగతంతా చెప్పాలి. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. దాన్ని ఆవిడ ఆకలి అనుకుంది. రెండో చేప వచ్చింది. కుండ అడుగున మాడీ మాడని కొబ్బరన్నం గీకి తెచ్చింది. అది ఇంటివాళ్ళకి తప్ప ఎవరికీ పెట్టదట. తర్వాత పళ్ళెం నిండా కొబ్బరుండలు, చెంబుడు బెల్లం నీళ్ళు. ఎదురుగా కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అతను తినే ప్రతి ముద్దనీ చూసింది. ఆపబోయినప్పుడల్లా ముక్కు తుడుచుకుంటూ ఇంకొకటి వేసింది. ఒటోనియెల్ కూడా కన్నీళ్ళతోనే తిన్నాడు. అతని కారణాలు వేరు.

బెల్టు రెండు రంధ్రాలు వదులు చేసుకుని, వెనక సందులోంచే దుకాణం పెరటి తలుపు చేరాడు. లోపల అడుగు పెట్టాడో లేదో ముందు షట్టరు దబదబ మోగింది. సతూరియా గొంతు. చేతులు వాసన చూసుకున్నాడు. చేప. సబ్బుతో కడిగాడు. చేపే. నిమ్మకాయ లేదు. అరలో ఉన్న థిన్నర్ సీసా తీసి మోచేతుల దాకా పోసుకుని రుద్దుకున్నాడు, మూతి మీద కూడా కాస్త రాసుకుని, కళ్ళు మండుతుండగా వెళ్ళి షట్టరు ఎత్తాడు.

గొడుగుల కింద ముగ్గురు నిలబడి ఉన్నారు. సతూరియా, ఆవిడ వెనక డాక్టర్ ఉమాన్యా, ఆ వెనక చేతిలో చిన్న పెట్టెతో ఒక యువతి. డాక్టరు ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. సతూరియా హోటల్లో ఒటోనియెల్ పక్క బల్ల ఆయనది. ఆ యువతి ఆయన మేనకోడలు లిగియా, రెండు వీధుల అవతల ల్యాబు నడుపుతుంది. ఈ వానలో, ఖాళీ కడుపుతో, ఊరి అవతలికి వెళ్ళి క్యూలో నిలబడాల్సిన పని లేదనీ, తానే అంతా ఏర్పాటు చేశాననీ సతూరియా చెప్పింది. చెబుతూ ముక్కు ఎగబీల్చింది.

"ఏంటీ వాసన?"

"రంగు డబ్బా ఒలికింది. థిన్నర్‌తో తుడుస్తున్నాను."

"ఒంట్లో బాగాలేనప్పుడు ఇవన్నీ అవసరమా?" అని కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టింది.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. లిగియా అతని చేతికి రబ్బరు పట్టీ కట్టి, రాత్రి నుంచి ఏమైనా తిన్నారా అని అడిగింది. నిజం చెప్పడానికి దేవుడిచ్చిన చివరి అవకాశం అదేనని అతనికి తెలుసు. ఒక చిన్న మాట చాలు. కానీ తిన్న చేప తిరిగి గొంతు దాకా వచ్చింది. త్రేన్పు బయటపడకుండా పళ్ళు బిగబట్టి పెదవులు మూసుకున్నాడు. ఆ బిగిసిన ముఖం చూసి సతూరియా అతని బదులు జవాబు చెప్పింది. "చుక్క ముట్టలేదమ్మా. కాఫీ కూడా నేనే లాక్కున్నాను." సూది దిగింది. రక్తం సీసాలోకి బద్ధకంగా, చిక్కగా నడిచింది. కావాలని అలా నడుస్తోందనిపించింది ఒటోనియెల్‌కి. అయ్యాక సతూరియా సీసా మూత తీసి కొబ్బరినీళ్ళు తాగించింది. ఒక్క గుక్కకి కూడా లోపల చోటు లేదు. సీసా అడుగు దాకా తాగాడు.

మర్నాడు మధ్యాహ్నం డాక్టర్ ఉమాన్యా హోటల్లో భోజనం మధ్యలో ఫోను చూసి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశాడు. చెంచాలు ఆగాయి. రక్తంలో చక్కెర, కొవ్వు రెండూ ఎక్కడో ఆకాశంలో ఉన్నాయని చెప్పాడు. పరగడుపు రక్తంలో ఇలాంటి అంకెలు మంచం పట్టినవాళ్ళలో చూశాడు తప్ప కుర్చీలో కూర్చున్నవాళ్ళలో చూడలేదట. ఒటోనియెల్ లేచి నిలబడ్డాడు, చెప్పేద్దామనే. అతను తూలిపోతున్నాడనుకుని ఫిదెలీనో వెనక నుంచి వచ్చి పట్టుకున్నాడు. సతూరియా అప్పటికే వంటింట్లోకి వెళ్ళింది. వచ్చినప్పుడు ఆవిడ చేతిలో పళ్ళెం ఉంది. అందులో ఉడకబెట్టిన సీమ వంకాయ. ఉప్పు లేదు.

అక్కడితో ఆగి ఉంటే అతను ఎలాగో ఒకలా మోసుకునేవాడే. ఒక మనిషి సీమ వంకాయ నములుతుంటే ఎదురుగా మిగతావాళ్ళు మీగడ పోసుకుని తినడం మనుషులు చేసే పనేనా అన్న అనుమానం సతూరియాకి వచ్చింది. సోమవారం నుంచి పంది కొవ్వు మానేసింది. గురువారం అహియాకోలో మీగడ లేదు. ఆ పై వారం ఉప్పు సగమైంది. ఎవరైనా ముఖం చిట్లిస్తే ఆవిడ చూపు కిటికీ పక్క బల్ల వైపు తిరిగేది, చిట్లించినవాడు తల దించుకుని తినేవాడు. తలలన్నీ దించుకునే ఉన్నాయి గాని, లోపల ఉడుకుతున్నాయి. ఫిదెలీనో ఒకరోజు అతని భుజం తట్టి, "మీకు త్వరగా..." అని కాసేపు ఆగి, "నయం కావాలి" అన్నాడు. ఆ ఆగడంలో ఏముందో ఒటోనియెల్‌కి అర్థమైంది.

నెరేయిదా అతను కనిపించినప్పుడల్లా వీధి అవతల నుంచి గుండె మీద చెయ్యి వేసుకుని, ఆకాశం వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయేది. ఆ అవతల మలుపు దగ్గర మాత్రం జనం పెరుగుతున్నారు. సతూరియా బల్లల దగ్గర మొదట ఫిదెలీనో కనిపించలేదు. తర్వాత రోజూ వచ్చే మెకానిక్కులు ఇద్దరూ రాలేదు. బ్యాంకు అమ్మాయిలు తమకి కూడా రక్తపరీక్షలున్నాయని యొలీమాతో చెప్పి పంపారు. ఒటోనియెల్ చప్పటి దుంపలు నములుతూ ఖాళీ కుర్చీలు చూసేవాడు. కోడి మెడతో శిక్షించాల్సినవాళ్ళని కూడా సతూరియా ఏమీ అనడం లేదు. ఆవిడకి ఆ ధ్యాసే లేదు. ఎవరీస్తో ఫొటో ముందు వెలిగే కొవ్వొత్తి పక్కన ఇప్పుడు రెండోది కూడా వెలుగుతోంది. అది ఎవరి కోసమో అతను అడగలేదు. రెండుసార్లు నిజం చెబుదామని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, ఆ రెండో కొవ్వొత్తిని చూసి తిరిగి వచ్చాడు.

నాలుగో వారంలో శుక్రవారం, భోజనాల వేళ దాటకముందే, సతూరియా రెండు పొయ్యిల్లో ఒకటి ఆర్పేసింది. సోమవారం నుంచి రానక్కర్లేదని, మళ్ళీ పని పెరిగాక పిలుస్తానని యొలీమాతో చెప్పింది. యొలీమా ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఒటోనియెల్ ఎన్నడూ చూడలేదు. ఆప్రన్ మడిచి బల్ల మీద పెట్టి ఆమె వెళ్ళిపోయింది. హోటల్లో అతనూ సతూరియా మిగిలారు. ఆవిడ ఎవరూ కూర్చోని బల్లలు తుడుస్తోంది.

"దోన్యా సతూరియా, ఆ రోజు నేను ఉపవాసం లేను."

"ఏ రోజు?"

"రక్తం తీసిన రోజు. అంతకుముందే తిన్నాను."

ఆవిడ గుడ్డ ఆపలేదు. "ఏం తిన్నారు?"

"చేప."

"ఎక్కడ?"

అతను గడ్డంతో మలుపు వైపు చూపించాడు. గుడ్డ ఆగింది.

"ఒక చేపేనా?"

"రెండు. కొబ్బరన్నం. అరటికాయ బిళ్ళలు. కొబ్బరుండలు కూడా."

ఆవిడ అదే బల్లని మళ్ళీ మొదట్నుంచీ తుడిచింది. 

"మీ కోసం నేను ఆ మనిషి గుమ్మంలోకి యొలీమాని కొబ్బరినీళ్ళకి పంపించాను" అంది చివరికి.

"తెలుసు. అప్పుడు నేను బల్ల కింద ఉన్నాను."

అరుస్తుందనుకున్నాడు. పళ్ళెం విసిరినా బాగుండుననుకున్నాడు. ఆవిడ గుడ్డ పిండి, తీగ మీద ఆరేసి, వచ్చి అతనికి ఎదురుగా నిలబడింది. గొంతు ఏమాత్రం పెరగలేదు.

"రేపు పొద్దున లిగియా దగ్గరికి రండి. ఈసారి నిజంగా పరగడుపున. నేనూ అక్కడ ఉంటాను. రక్తం మంచిదని తేలితే మీకు నాతో పని లేదు, ఆ మలుపు దగ్గరే తినండి. ఈ గుమ్మం తొక్కొద్దు. చెడ్డదని తేలితే, నేను పెట్టింది తినండి."

ఇంటికి వెళ్ళే దారిలో గాని ఆ మాటల బరువు అతనికి తెలిసిరాలేదు. ఒంట్లో జబ్బు లేకపోతే హోటలు లేదు. హోటలు కావాలంటే జబ్బు ఉండాలి. దుకాణానికి రోజంతా మనుషులు వస్తారు, మేకులు కొంటారు, పోతారు. తాను ఓ మధ్యాహ్నం కనిపించకపోతే ఏమైందని అడిగే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి ఇప్పుడు తనని చూసి గొంతు కూడా పెంచడం లేదు. దేవుడా, నాకు ఏదో ఒక జబ్బు ఇవ్వు అని మనస్ఫూర్తిగా వేడుకున్నాడు. పెద్దది అక్కర్లేదు.

పొద్దున్నే ల్యాబుకి వెళుతుంటే దారిలో రొట్టెల దుకాణం తెరిచి ఉంది. జామ హల్వా పెట్టి కాల్చిన రొట్టెలు అద్దం వెనక పొగలు కక్కుతున్నాయి. ఒటోనియెల్ కాళ్ళు వాటంతట అవే ఆగాయి. ఒక్క రొట్టె, దాని మీద కాస్త బెల్లం నీళ్ళు. రక్తం చెడిపోతుంది. కిటికీ పక్క బల్ల నిలుస్తుంది. దుకాణం అమ్మాయి ఏం కావాలని అడిగింది. అతను జేబులో చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఈ నెల రోజుల్లో ఒక్క అబద్ధాన్ని మోయలేక నడుం వంగిపోయింది. దాని నెత్తిన ఇంకొకటి పెట్టుకునే ఓపిక లేదు. టైమెంతయిందని మాత్రం అడిగి ముందుకు నడిచాడు.

సతూరియా ల్యాబు మెట్ల మీద నిలబడి ఉంది. దగ్గరికి రాగానే అతని చేతులు అందుకుని వాసన చూసింది. తర్వాత మూతి దగ్గర వాసన చూసింది. లోపలికి నడవమన్నట్టు పక్కకి జరిగింది.

మధ్యాహ్నం హోటల్లో వడ్డన లేదు. పొయ్యి మీద పెద్ద గిన్నె ఉంది గాని, సతూరియా మూత తీయలేదు. సంగతి ఎలా పొక్కిందో, వారాల తరబడి కనిపించని ముఖాలన్నీ వచ్చి బల్లల దగ్గర కూర్చున్నాయి. యొలీమా కూడా వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఆప్రన్ కట్టుకుంది. డాక్టర్ ఉమాన్యా ఫోను కళ్ళకి దూరంగా పెట్టుకుని చదివాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. ఒటోనియెల్ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"డాక్టరుగారూ, చెడ్డదేనా?"

"చెడ్డదే."

ఒటోనియెల్ ముఖం వికసించింది. ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు. పక్కనున్న ఫిదెలీనోని కౌగిలించుకున్నాడు. డాక్టరు అయోమయంగా చూసి, తన మాట సరిగ్గా వినలేదనుకుని వివరంగా చెప్పాడు. చేపా కొబ్బరన్నం ఒక్క రోజులో చేసే పాపం మర్నాటికి కరిగిపోతుందట. ఇదలా కాదు, ఏళ్ళ తరబడి పేరుకున్నది. నెల రోజులు చప్పిడి తిన్నా ఇంత మిగిలిందంటే అంతకుముందు ఎంత ఉండేదో. ఆ రోజు రక్తం చూసుకోకపోయి ఉంటే, ఇంకో ఏడాదికి దుకాణంలోనే కూలబడేవాడట.

"ఇంతకీ ఈ తొమ్మిదేళ్ళూ మధ్యాహ్నం పూట మీరు..." అని మొదలుపెట్టి డాక్టరు ఠక్కున ఆగిపోయాడు. తొమ్మిదేళ్ళూ పక్క బల్ల మీద తాను కూడా అదే తిన్నాడు.

 అందరి చూపులూ మెల్లగా పొయ్యి మీది గిన్నె వైపు తిరిగి, అక్కడి నుంచి సతూరియా వైపు తిరిగాయి. ఆ హోటల్లో ఆవిడ కుర్చీలో కూర్చోవడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు కూర్చుంది. పొద్దున ఆవిడ కళ్ళలో ఉన్న కాఠిన్యం ఎక్కడికి పోయిందో, చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

"నేనే పెట్టాను" అంది.

"నేను తిన్నాను" అన్నాడు ఒటోనియెల్.

"మీరు అడగలేదు. అడక్కుండా నేనే గరిటెలు గరిటెలు వేశాను."

"వేయకపోతే అడిగేవాణ్ణి."

ఆవిడ తలెత్తి అతన్ని చూసింది. ఆ నెలలో అతను చెప్పిన మాటల్లో అది రెండో నిజం. ఆవిడకి ఆ తేడా తెలిసినట్టే ఉంది. లేచి, చీర కొంగు లేని ఆ ఊళ్ళో ఆడవాళ్ళు చేసినట్టే ఆప్రన్ అంచుతో కళ్ళు ఒత్తుకుని, నేరుగా డాక్టరు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఇక మీరు చొక్కా చెయ్యి మడవండి" అంది.

డాక్టరు గుమ్మం వైపు చూశాడు. అక్కడ లిగియా తన పెట్టెతో నిలబడి ఉంది. ఫిదెలీనో అప్పటికే లేచి, ఏదో గుర్తొచ్చినట్టు వీధిలోకి నడుస్తున్నాడు. యొలీమా అతని కాలరు పట్టుకుని వెనక్కి తెచ్చి కూర్చోబెట్టింది.

ఆ తర్వాత సతూరియా ఖాళీ కొబ్బరినీళ్ళ సీసా కడిగి తుడిచి, నెరేయిదాకి స్వయంగా ఇచ్చి వచ్చింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు గాని, చచ్చిపోవాల్సిన మనిషి చావడం లేదని తెలిసి నెరేయిదా ముందు ఏడ్చి తర్వాత తిట్టిందని యొలీమా చెప్పింది. హోటల్లో రెండో పొయ్యి మళ్ళీ వెలిగింది. ఒకదాని మీద మీగడ అహియాకో, రెండోదాని మీద చిన్న గిన్నెలో చప్పిడి కూర. ఎవరు ఏ గిన్నెలోంచి తినాలో సతూరియా ఇప్పటికీ ఎవర్నీ అడగదు. నెల తిరిగేసరికి చిన్న గిన్నె స్థానంలో పెద్దది పెట్టాల్సి వచ్చింది.

రిపోర్టు చెడ్డదని విని అంత సంబరపడ్డ రోగిని తన జన్మలో చూడలేదని డాక్టర్ ఉమాన్యా ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. మరి మీదెలా వచ్చిందండీ అని అడిగితే మాత్రం, చల్లారిపోతుందంటూ సీమ వంకాయ మీదికి వంగుతాడు.